తడి నార బరువు

కణత మీద కొడితే ఒక్కటి చాలు, నుదుటి మీద అయితే ఎముక మందం, రెండు మూడు కావాలి, అని ఎవరు చెప్పారో ఎప్పుడు చెప్పారో గుర్తులేదు, ఉప్పల్ రింగ్ రోడ్డు దాటి మల్లాపూర్ వైపు నడవడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆ మాటే తిరుగుతోంది బుర్రలో, భుజాన బ్యాగు, బ్యాగులో పళ్ళెమంత ఉక్కు బిళ్ళ, అడుగేసినప్పుడల్లా తొడకు కొట్టుకుంటూ నేనున్నాను పద అంటోంది, పదమూడు వందల గ్రాములు, నేనే తూచాను, తూచడమే కదా నా పని, నాచారంలో పట్టాభిరామయ్య గారి ఫ్యాక్టరీలో ఆరేళ్ళుగా ల్యాబు చూసుకుంటున్నాను, గారు, ఇంకా గారు ఏమిటి, ఆ గారును కూడా ఇవాళ తలతో పాటే పగలగొడతాను, మొన్న సాన పట్టించుకు రమ్మని ఈ బిళ్ళను నా చేతికిచ్చింది ఆయనే, మల్లాపూర్‌లో షాపు మూసి ఉంటే బ్యాగులోనే ఉండిపోయింది, ఇప్పుడు దానికీ ఒక పని దొరికింది, దెబ్బ పడ్డప్పుడు ముందు కళ్ళజోడు పగులుతుందా తల పగులుతుందా, పగిలే ముందు బాలరాజూ అని పిలుస్తాడా, పిలవనీ, నిన్న పొద్దున కీసర గుట్ట దిగుతూ మా బావ కూడా దేవుణ్ణి పిలిచే ఉంటాడు, ఎవరూ రాలేదు, బండరాయి వచ్చింది.

ఇందాక దవాఖానాలో బావ మీద కప్పిన దుప్పటి చూశాను, ఎడమ కాలు ఎత్తుగా కనిపిస్తోంది, కుడివైపు మోకాలి కింద దుప్పటి పరుపుకు అతుక్కుపోయి ఉంది, అక్కడ ఏమీ లేదు, నిన్న సాయంత్రమే తీసేశారు, బ్రేకు తొక్కిన కాలే, ఉప్పల్ అడ్డాలో ఇరవై ఏళ్ళుగా ఆటో నడుపుతున్న ఉపేందర్, మా మానసక్క మొగుడు, ఇరవై ఏళ్ళలో ఎవరికీ చిన్న గీత పడనివ్వలేదు, మత్తు సగం దిగి నా వైపు తిరిగి చెప్పాడు, బ్రేకు తొక్కితె నూనెల కాలు వెట్టినట్టుండె బామ్మర్దీ, ఎంత తొక్కినా పట్టకపాయె, సన్నగ తుంపర పడుతుండె, ఎనకాల ముసలాయినె ముసలామె ఉన్నరు, కిందికి వోతె ముగ్గురం వోతుంటిమి, గందుకే రాయికి వెట్టిన, అని, రాయికి వెట్టిన అన్నాడు, బండి చెట్టు నీడకు పెట్టాను అన్నంత మామూలుగా, రేకు మడతపడి కాలును పట్టేసిందట, కట్టర్ తెచ్చి కోసేసరికి గంటన్నర అయిందట, ఆ గంటన్నరా మెలకువతోనే అరిచాడట, ముసలామె తన కొంగు చించి తొడ బిగించి కట్టి రెండు చేతులతో పట్టుకు కూర్చుందట, ఇంత చెప్పినవాడు నీ మాట నమ్మి ఏసుకున్న బ్రేకు లైనర్లే కదరా అని మాత్రం అనలేదు, అని ఉంటే బాగుండేది, మొహాన ఉమ్మినా బాగుండేది, అక్క కూడా అనలేదు, గోడకు ఆనుకుని నిలబడి, తమ్మీ ఇయ్యాల నీకు బాక్స్ కట్టలేరా, నిన్నటి సంది ఈడనే ఉంటి, బయట ఏమన్న తిను, సల్లగున్నది తినకు, నీకు పడదు, అంది, మొగుడి కాలు పోయిన మనిషి నా అన్నం చల్లారుతుందని బాధపడుతోంది, అప్పుడు లేచింది అరికాలి మంట, నెత్తికెక్కింది, ఇంకో నిమిషం అక్కడుంటే ఆ గాజు తలుపును గుద్దేవాడిని, బయటికి వచ్చేశాను.

ఆ లైనర్లు వేయించింది నేనే, బ్రేకు తొక్కితే చక్రం డ్రమ్ములో వెడల్పయి డ్రమ్మును రాసుకుని ఆపే పట్టీలవి, ఊరందరూ ఇనప పీచో మరోటో వేసి చేస్తుంటే మేం గోగునారతో చేస్తాం, గోగు చెట్టు ముదిరి కట్టె అయ్యాక నీళ్ళలో నానేసి ఒలిచే నార, దాన్ని సోడా నీళ్ళలో కడిగి ఎండబెట్టి రెజిన్‌తో కలిపి వేడి అచ్చులో వత్తితే రాయిలా గట్టిపడుతుంది, పట్టాభిరామయ్యకు పదేళ్ళ పిచ్చి ఇది, బందరు నుంచి వచ్చి పెద్ద కంపెనీ ఉద్యోగం వదిలేసి ఈ నార పట్టుకున్నాడు, ఆ పిచ్చి నాకూ అంటించాడు, ఏం మాట్లాడతాడు, పొలంలో పండిన దానితో బండి ఆగాలయ్యా బాలరాజూ అంటాడు, ఆగింది, బాగా ఆగింది, నేను చేసేది ఏమిటంటే ఆ లైనర్ ముద్దలోంచి చిటికెన వేలంత ముక్క కోసి, దాన్ని పిన్ను అంటాం, గిరగిరా తిరిగే ఈ ఉక్కు బిళ్ళ మీద బరువుతో నొక్కి పెడతాను, గంటసేపు అరుగుతుంది, ముందు తూస్తాను తర్వాత తూస్తాను, ఎంత బరువు తగ్గితే అంత అరుగుదల, బజారు లైనర్లు అదే దూరానికి పదిహేను మిల్లీగ్రాములు అరిగితే మాది మూడు అరిగింది, జూలై మొదటి వారం, వరసగా మూడు రోజులు తిప్పాను, మూడు రోజులూ మూడే, ఆ సాయంత్రం మిఠాయి పంచాను, అక్కడితో ఆగితే పోయేది, రోడ్డు మీద చూడాలి పన్నెండు ఆటోలు కావాలి అంటే మా అడ్డా ఉందిగా అన్నాను, ముందు బావ వేయించుకున్నాడు, బావను చూసి పదకొండు మంది, మా బామ్మర్ది లెక్క తప్పడు అని బావ ఒక్కొక్కడి భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు, లెక్క తప్పలేదు, అందుకే కదా నాకు అర్థమైంది, లెక్క తప్పకపోతే సరుకే మారి ఉండాలి, నాకు పరీక్షకిచ్చిన ముద్ద ఒకటి, ఆటోలకు వత్తిన ముద్ద ఇంకొకటి, మూడు వారాల కింద చూశాను నేను, నార కడిగే డ్రమ్ము ఎండిపోయి బొక్కబోర్లా పడి ఉంది, ఏంది సార్ కడగలేదా అంటే, కడిగాం లేవయ్యా అని నవ్వాడు, సోడాతో కడగని నారను రెజిన్ పట్టుకోదు, పట్టుకోని నార ఊడిపోతుంది, ఆ నవ్వు మీదే కొట్టాలి.

జేబులో ముక్క ఉంది, నిన్న కీసరలో నుజ్జయిన ఆటో వెనక చక్రం ఊడదీయించి తెచ్చిన లైనర్ ముక్క, పైన నల్లగా గాజులా మెరుస్తోంది, అంచున గోటితో గీరితే నార వెంట్రుకల్లా ఊడి వస్తోంది, దీన్ని ఆయన నోట్లో కుక్కి నమలమంటాను, ఈ నార వాసన నాకు ఎనిమిదేళ్ళప్పటి నుంచి తెలుసు, ఘట్‌కేసర్ అవతల మా ఊళ్ళో మా నాయిన ఉప్పలయ్య గోగునారతో తాళ్ళు పేనేవాడు, పగ్గాలు, తలుగులు, బావి చేంతాళ్ళు, పేనే ముందు నారను తొట్టిలో నానేసేవాడు, కొట్టే ముందు తాడును కూడా నానేసేవాడు, పొడి తాడు దెబ్బ చురుక్కుమంటుంది, తడి తాడు దెబ్బ లోపలికి దిగుతుంది, నాయినకు ఆ తేడా తెలుసు, తొట్టి దగ్గరికి నడిచాడంటే మాకు తెలిసిపోయేది, తాడు ముంచి తీసి నీళ్ళు కారుతుండగా రెండు చుట్లు చేతికి చుట్టుకునేవాడు, అక్క అడ్డం వచ్చేది, నన్ను కింద వేసుకుని మీద పడుకునేది, దాని వీపున ఇప్పటికీ రెండు గీతలున్నాయి జాకెట్టు అంచు కింద, ఏం తప్పు చేశామని, తినే జొన్న గట్క చల్లారిందని, చల్లారిన గట్క పళ్ళెం అమ్మ మొహాన కొట్టి, ఇంకా కసి తీరక మా దగ్గరికి వచ్చేవాడు, నేను నాయినలా కాను, ముప్పై ఏడేళ్ళొచ్చాయి, ఒక్కరి మీద చెయ్యెత్తలేదు, కోపం ముక్కు మీద ఉంటుంది నిజమే, నోరు పెద్దది నిజమే, ల్యాబులో ఒకసారి టిఫిన్ బాక్సు విసిరాను, గోడకు కదా విసిరింది, మనిషికి కాదు కదా, ఇవాళ ఒక్కసారి మనిషికి, ఒక్క మనిషికి, అదీ న్యాయంగా.

బాలరాజన్నా, ఎక్కు ఎక్కు, గట్ల నడుస్తున్నవేంది, అని పక్కన ఆటో ఆగింది, ఆగిందా, నేను నిలబడ్డ చోటు దాటి నాలుగు గజాలు పోయి ఆగింది, చంద్రయ్య, అడ్డాలో బావ పక్క బండి, బావను చూసి లైనర్లు వేయించుకున్న పదకొండు మందిలో మొదటివాడు, ఎక్కాను, ఎందుకెక్కానో, తొందరగా పోవచ్చని, ఉపేందర్‌కు ఎట్లున్నదన్నా, కాలు తీసేసిన్రంట గద, నాకు బువ్వ సైసలే రాత్రి, ఆడు స్పీడు మీదుండెనా ఏంది, అన్నాడు, నేను రోడ్డు చూస్తూ కూర్చున్నాను, ఒడిలో బ్యాగు, బ్యాగు మీద చేతులు, లైనర్లదేం లేదన్నా, నావైతే మస్తున్నయ్, సప్పుడే లేదు, ఎన్నపూస లెక్క ఆగుతది బండి, అంటూనే ఉన్నాడు, అద్దం మీద చుక్కలు పడ్డాయి, ఒకటి, నాలుగు, ఆపైన లెక్కలేదు, మల్లాపూర్ మలుపు దగ్గర కూరగాయల బండి తోసుకుంటూ ఒకామె అడ్డం వచ్చింది, చంద్రయ్య బ్రేకు తొక్కాడు, నా కాలు కూడా రేకును తొక్కింది, ఆటో ఆగలేదు, మెత్తగా జారింది, ఆమె నోరు తెరవడం కనిపించింది, వంకాయలు కనిపించాయి, హ్యాండిల్ పక్కకు లాగాడు, బండి చక్రాన్ని తాకి ఆటో పక్కకు ఒరిగి ఆగింది, వంకాయలు రోడ్డంతా, ఆమె చెప్పు తీసి తిట్టింది, కళ్ళు నెత్తికెక్కినయారా అని, చంద్రయ్య దండం పెట్టి, వానకు రోడ్డు జారుతున్నదన్నా, అన్నాడు నాతో, రోడ్డా, నోటి దాకా వచ్చింది, బండి ఆపు చంద్రయ్యా ఈ లైనర్లు తీసెయ్, అని, మింగాను, ఎందుకు మింగాను, ముందు ఆ తల పగలాలి, తర్వాత చెప్పొచ్చు అందరికీ, తల పగిలితే అందరికీ దానంతట అదే తెలుస్తుంది, జల్ది దింపుత అన్నా, ఒంటిగంటకు స్కూల్ ట్రిప్ ఉన్నది, ఎనిమిది మంది పిలగాండ్లు, ఆలస్యమైతే తల్లులు ఫోన్లు కొట్టి సంపుతరు, అన్నాడు, ఎనిమిది మంది, నేను సీటు అంచు పట్టుకుని కూర్చున్నాను, బిళ్ళ నా ఒడిలో చల్లగా ఉంది.

గేటు దగ్గర వాచ్‌మన్ హన్మయ్య లేచి నిలబడ్డాడు, మీ బావకు గిట్లయిందంట గద సారూ, అంటూ గొడుగు పట్టబోయాడు, తోసేశాను, షెడ్డులో ప్రెస్సు దిగుతోంది లేస్తోంది, దిగుతోంది లేస్తోంది, దాని కింద ఆయన చెయ్యి పెడితే ఎలా ఉంటుంది, రెండు వందల డిగ్రీల వేడి, చెయ్యి ఎందుకు, కాలు, కుడి కాలు, మోకాలి వరకు, దెబ్బకు దెబ్బ, మెట్లు ఎక్కుతున్నాను, ఒక్కో మెట్టుకు ఒక్కో మాట తయారు చేసుకుంటున్నాను, నువ్వు నార కడగలే, నువ్వు నన్ను మోసం చేసినవ్, నువ్వు మా బావ కాలు తిన్నవ్, పైమెట్టు దగ్గర ఎడమచేత్తో జిప్పు వెతుక్కున్నాను, ల్యాబు తలుపు కాలితో తన్నాను, తలుపు గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చింది, లోపల స్టూలు మీద పట్టాభిరామయ్య, డెబ్భై ఏళ్ళ మనిషి, పొట్టి చేతుల చొక్కా, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని నా రిపోర్టు చదువుతున్నాడు, మిషను పక్కన హరిత, ఘట్‌కేసర్ కాలేజీలో చదివి రెండేళ్ళ కింద నాకు జూనియర్‌గా చేరిన అమ్మాయి, తలుపు చప్పుడుకు గోడకు అతుక్కుపోయింది.

రావయ్యా బాలరాజూ, ఉపేందర్‌కి ఎలా ఉంది, సాయంత్రం నేనూ వస్తాను ఆసుపత్రికి, అన్నాడాయన, గొంతు బొంగురుపోయి ఉంది, నిద్రపోయినట్టు లేడు, పొద్దున్నించీ నేనూ హరితా అదే బ్యాచ్ పిన్నులు మళ్ళీ తిప్పుతున్నామయ్యా, పాత డిస్క్ ఒకటుంటే బిగించాం, నువ్విచ్చిన రిపోర్టు ఎన్నిసార్లు చూసినా మూడు మిల్లీగ్రాములే ఉంది, ఇంత గట్టి సరుకు ఎలా ఫెయిలవుతుంది, మనది కాదేమో, ఆ ఆటోలోనే ఏదన్నా లోపం ఉందేమో, అంటున్నాడు, నంగనాచి, నార కడగలే కద నువ్వు, అన్నాను, నువ్వు అన్నాను, ఆరేళ్ళలో మొదటిసారి, హరిత తలెత్తి చూసింది, ఆయన మాత్రం ఆ నువ్వును విన్నట్టే లేడు, కడిగానయ్యా, డ్రమ్ముకి చిల్లు పడితే బోర్లించి, కింద సిమెంటు తొట్టిలో నేనే కడిగాను, కూలీలను దింపితే చేతులు కాలతాయని, చేతి తొడుగులేమో మధ్యలో చిరిగిపోయాయి, ఇవిగో, అని రెండు అరచేతులూ చాపాడు, మూడు వారాలైనా మానలేదు, వేళ్ళ సందుల్లో చర్మం పొరలు పొరలుగా లేచి ఉంది, కింద ఎర్రగా పచ్చిగా ఉంది, సోడా అలాగే తింటుంది చర్మాన్ని, నాకు తెలుసు, అబద్ధం ఆడే చేతులు అలా ఉండవు, అయినా నా చెయ్యి ఆగలేదు, కోపం అంత దూరం నడిచి వచ్చాక వెనక్కి ఎటు పోతుంది, ఎవరో ఒకరి తల కావాలి దానికి, నా కుడిచెయ్యి జిప్పు లాగుతోంది, వేళ్ళకు ఉక్కు తగిలింది, కణత, కణత, ఆయన కణత మీద తెల్ల వెంట్రుకలు రెండు చెమటకు అతుక్కుని ఉన్నాయి.

బాక్స్ ఇయ్యండి సార్, అంది హరిత, ఎప్పుడు వచ్చిందో నా ముందు నిలబడి ఉంది, రెండు చేతులూ నా బ్యాగు వైపు చాపి, గోడ గడియారం పన్నెండున్నర, ఓవెన్ తలుపు తెరిచి ఉంది, మా ల్యాబులో ఒకటే ఓవెన్, పిన్నులు ఆరబెట్టేది అందులోనే, మధ్యాహ్నం మా బాక్సులు వేడెక్కేది అందులోనే, చిన్న ఫ్యాక్టరీల్లో అంతే కదా, లోపల ఉండాల్సిన పిన్నుల ట్రే కిటికీ గట్టు మీద ఉంది, ఇప్పుడే తీసి పెట్టింది, పన్నెండున్నరకు నేను బ్యాగు తెరుస్తుంటే ఆ అమ్మాయి చేతులకు ఆ పని తప్ప ఇంకోటి తెలియదు, కిటికీలోంచి వాన జల్లు గట్టు మీద పడుతోంది, అదేంటమ్మా ఇంకో గంట ఆరాలి కదా అవి, ఎందుకు తీశావు, అన్నాడు పట్టాభిరామయ్య, ఆ అమ్మాయి నా వైపు చూసింది, ఆ చూపు నాకు తెలుసు, తొట్టి వైపు నడుస్తున్న నాయినను మేం చూసిన చూపు, చెప్పమ్మా, అన్నాడాయన, రోజూ గిట్లనే తీస్తం సార్, అంది మెల్లగా, బాక్స్ టైముకు తీసి బయట పెడతం, తిన్నంక తూస్తం, బాలరాజు సార్‌కు అన్నం సల్లగుంటే, అని ఆపేసింది, ఆపేసినా నాకు వినిపించింది మిగతాది, జూలై మొదటి రోజు, వాన, అక్క కట్టిన పప్పన్నం, అప్పుడే తిప్పి స్పిరిట్‌తో తుడిచిన పిన్నులు ఓవెన్‌లో, సార్ ఇంకో గంట ఉంచాలె సార్, పిన్నులు ఆరలే, అంది ఈ పిల్ల, నా అన్నం రాయి లెక్క ఉన్నది, నీ పిన్నులు తింటనా, అని అరిచి బాక్సు విసిరాను, గోడకు విసిరాను అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ, గోడకు ఆమె తలకు మధ్య జానెడు లేదు, పప్పు ఆమె చున్నీ మీద పడింది, నేల తనే తుడిచింది, ఆ తర్వాత ఒక్కరోజు కూడా నాకు అన్నం చల్లగా లేదు, ఎందుకు లేదో నేను అడగలేదు, పన్నెండున్నరకు ట్రే బయటికి, బాక్సు లోపలికి, ఎవరూ నోరెత్తలేదు.

నా కాళ్ళు కిటికీ దగ్గరికి నడిచాయి, ట్రేలోంచి ఒక పిన్నును పట్టకారుతో తీసి తక్కెడలో పెట్టాను, అంకె నిలబడాలి, నిలబడలేదు, చివరి అంకె మారింది, మళ్ళీ మారింది, పెరుగుతోంది, ఓవెన్‌లోంచి వచ్చిన పిన్ను నేను చూస్తుండగానే వాన గాలి తాగుతోంది, ఒక మిల్లీగ్రాము, ఇంకొకటి, రాత్రంతా ఓవెన్‌లో ఎండిన పిన్నును పొద్దున తూచాను, అరగదీశాను, నేను వేడన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చేదాకా అది కిటికీలో తడి తాగింది, ఆ తాగినదాన్ని మళ్ళీ తూచాను, అరిగి పోయిన బరువును తాగిన నీళ్ళు పూడ్చేశాయి, మూడు మిల్లీగ్రాములన్నది అరుగుదల కాదు, ఊడిపోయిన నారకూ తాగిన తడికీ మధ్య తేడా, ఆ తేడాకు మిఠాయి పంచాను, ఆ తేడాను బావ భుజాల మీద చెయ్యి వేసి వేసి పంచాడు, నాలుగో మిల్లీగ్రాము, ఐదోది, ఇంకా ఎక్కుతోంది, నార తడిస్తే బరువెక్కుతుందని నాకు డిప్లొమాలో చెప్పారు, దానికంటే చాలా ముందే నా వీపుకు తెలుసు, అక్క వీపుకు తెలుసు, నాయిన తాడు ఎందుకు తడిపేవాడో తెలిసిన ఇల్లు మాది, ఆ ఇంట్లోంచి వచ్చి అదే నారను అదే తడితో తూచి బాగుందని సంతకం పెట్టాను, నేను నాయినలా కాను అనుకుంటూ, ఆయన చల్లారిన గట్కకు తాడు తీశాడు, నేను చల్లారిన అన్నానికి అరిచాను, ఆయన దెబ్బ మా వీపుల దగ్గరే ఆగింది, నాది కీసర గుట్ట దాకా పోయింది, బావ కాలు తీసింది, ఇంకా ఆగలేదు, పదకొండు బండ్లలో తిరుగుతోంది ఈ వానలో, గడియారం పన్నెండూ నలభై, ఏమైందయ్యా బాలరాజూ అంటున్నాడాయన, నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, ఆటో లోపం అని ఆయనే అంటున్నాడు, ఆ దారి తెరిచే ఉంది, ఉద్యోగం ఉంటుంది, అక్క మళ్ళీ రేపు బాక్సు కడుతుంది, ఈ అమ్మాయి చెప్పదు, ఎప్పటికీ చెప్పదు, చెప్పదు, నేను అంతగా భయపెట్టాను, బ్యాగులోంచి బిళ్ళ తీశాను, హరిత రెండడుగులు వెనక్కి వేసింది, దాన్ని బల్ల మీద పెట్టి చెయ్యి తీసేశాను, తప్పు నాది సార్, పిన్నులు ఆరకముందే తూసిన, లెక్క తప్పు, మిగిలిన పదకొండు బండ్లు ఇప్పుడే ఆపియ్యాలె, అన్నాను, హరితా నువ్వు చెప్పిందే నిజం బిడ్డా, అన్నాను, ఫోన్ తీసి చంద్రయ్యకు కొట్టాను, మోగుతోంది, మోగుతోంది, అవతల వాన చప్పుడు, చంద్రయ్య గొంతు, ఏందన్నా, బండ్ల ఉన్న, అన్నాడు, ఆపు చంద్రయ్యా, ఆడనే ఆపు, స్కూలుకు పోకు, ఆ లైనర్లు పట్టయి, నా తప్పే అది, అన్నాను, మెల్లగ గేరు మీద ఆపు, అని మళ్ళీ అన్నాను, ఇంజను చప్పుడు తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా ఆగిపోయేదాకా చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను, ఇంకా పది మంది ఉన్నారు, అదయ్యాక దవాఖానాకు పోయి బావ ముందు నిలబడాలి, ఈసారి అక్క అడ్డం రాకూడదు.